రోజుకో తప్పు

"దీన్ని ఏమంటారు?" అంది ఆవిడ, నా లాప్‌టాప్ తెర మీద వేలు పెట్టి.

"డెస్క్‌టాప్ అంటారండీ."

"నేనైతే చెత్తకుప్ప అంటాను."

పక్క బల్ల దగ్గర చదువుకుంటున్న ఇద్దరమ్మాయిలు పుస్తకాల్లోకి తలలు దూర్చి నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. సాయం కోసం వచ్చినవాణ్ణి కాబట్టి తెర ఇంకాస్త ఆవిడ వైపు తిప్పాను.

నేను రీసెర్చ్ స్కాలర్‌ని. నది సముద్రంలో కలిసేచోట ఇసుక ఎప్పుడు, ఎక్కణ్ణుంచి వచ్చి పేరుకుందో తేల్చడం నా పని. అందుకే డిపార్ట్‌మెంట్‌లో అందరూ నన్ను 'ఇసుక' అంటారు. అయిదేళ్ళలో పోగేసిన పేపర్లు పదకొండు వందల నలభై. అన్నీ తెర మీదే, ఒకదాని మీద ఒకటి. 'డౌన్‌లోడ్ 37', 'కొత్తది', 'నిజంగా కొత్తది', 'మేడమ్ అడిగింది'. మేడమ్ ఏమడిగారో, ఎప్పుడడిగారో నాకే గుర్తులేదు.

ఆ మేడమ్, అంటే మా గైడ్, ముందురోజే నా రెండో చాప్టర్ తిప్పికొట్టారు. "లోపల చెప్పిన పేర్లు వెనక లిస్టులో లేవు. లిస్టులో ఉన్నవాళ్ళు లోపల ఎక్కడా కనబడరు. ఇదేం పెళ్ళయ్యా, పిలిచినవాళ్ళు రాలేదు, వచ్చినవాళ్ళని పిలవలేదు? లైబ్రరీకి పోయి, రిఫరెన్సులు సర్దే సాఫ్ట్‌వేర్ ఏదన్నా నేర్చుకో. అప్పటిదాకా నాకు మొహం చూపించకు."

లైబ్రరీలో రిఫరెన్స్ సెక్షన్ చూసే ఈవిడకి స్కాలర్లు పెట్టిన పేరు 'కామా'. ఎవరు థీసిస్ పట్టుకొచ్చినా ముందు వెనక లిస్టు తిప్పి, "ఇక్కడ కామా పడాలి" అని పెన్సిల్‌తో గీత పెట్టి ఇచ్చేస్తుందని. ఎదురుగా ఆ పేరు పెట్టి పిలిచే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

"ఏదో ఒక సాఫ్ట్‌వేర్ చెప్పండి. వేసుకుని పోతాను," అన్నాను.

"ఏదో ఒకటంటే కుదరదండీ. యూనివర్సిటీ మొత్తానికి ఒకటి ఎంచి, నెలలోగా రిపోర్టు ఇమ్మన్నారు నన్ను. చేతిలో మూడున్నాయి. పరీక్ష పెట్టడానికి బాగా పాడైపోయిన కేసు ఒకటి కావాలని వెతుకుతున్నా." నా తెర వంక ఇంకోసారి చూసింది. "దొరికింది. రేపు నాలుగింటికి రండి."

అలా మొదలైంది. రోజూ నాలుగింటికి, కిటికీ పక్క బల్ల దగ్గర.

ఆ మూడింటికీ అసలు పేర్లున్నాయి. రెండో రోజుకే మేం వేరే పేర్లు పెట్టేశాం. మొదటిది జమీందారు. దానికి రాని పని లేదు. కానీ ఏం చెప్పినా ఆవులించి, ఒళ్ళు విరుచుకుని గానీ కదలదు. రెండోది చలాకీ. రంగులూ హంగులూ చూస్తే ముచ్చటేస్తుంది, ఫోన్లో కూడా పరిగెడుతుంది. మూడోది మేస్త్రి. చూడ్డానికేం బాగోదు. చెప్పిన పని చెప్పినట్టు చేసి పక్కన కూర్చుంటుంది.

ఇంటిపేరు ముందు రాసుకునేవాళ్ళనల్లా చలాకీ తలకిందులు చేసింది. ఒక పెద్ద ప్రొఫెసర్‌ని ఏకంగా ముగ్గురు మనుషుల్ని చేసి మూడు చోట్ల కూర్చోబెట్టింది.

"పాపం, తనకి ఇద్దరు తమ్ముళ్ళున్నారని ఆయనకే తెలీదు," అన్నాను.

కామా నవ్వింది. నవ్వినప్పుడు పైవరసలో ఒక పన్ను కాస్త పక్కకి తిరిగి ఉందని కనబడింది. లోకంలో అన్నీ వరసలో ఉండాలనే మనిషికి ఆ ఒక్క పన్ను వరస తప్పడం నాకెందుకో భలే నచ్చింది.

రెండో వారంలో ఒకరోజు వాన పట్టుకుంది. కిటికీ తలుపులు మూసినా జల్లు సందుల్లోంచి బల్ల మీదికి వస్తూనే ఉంది. ఆ రోజు మా ముందున్నది ఒక పాత సర్వే రిపోర్టు. ఎప్పుడో ఎవరో నది వెంట నడిచి, చేత్తో రాసింది. ఎవరో స్కాన్ చేసి పెట్టారు. మూడు సాఫ్ట్‌వేర్లూ దాన్ని గుర్తుపట్టలేదు. జమీందారు అయితే 'రచయిత: తెలియదు' అని పడేసింది.

"వదిలేద్దామండీ. ఎవరు చూస్తారు?" అన్నాను.

కామా వినలేదు. పేజీలు ఒక్కొక్కటే తిప్పింది. ఇరవై మూడో పేజీ అడుగున, తడికి అలుక్కుపోయిన సంతకం దొరికింది. లాప్‌టాప్ పైకెత్తి, కళ్ళు చికిలించి, అక్షరం అక్షరం కూడబలుక్కుంది.

"ఈయన ఎన్నాళ్ళు నడిచాడో," అంది, పేరు టైపు చేస్తూ. "చెప్పులు అరిగిపోయుంటాయి. మీరు ఆయన చెప్పింది వాడుకుంటున్నారు. కనీసం పేరన్నా సరిగ్గా రాయొద్దూ?"

జడలోంచి తప్పించుకున్న వెంట్రుకల మీద వాన చినుకొకటి ఆగి ఉంది. తుడవమని చెప్దామనుకున్నాను. చెప్పలేదు. అదక్కడ ఎంతసేపుంటుందో చూస్తూ కూర్చున్నాను. నా పని అయిపోయిందని నాకు ఆ సాయంత్రమే తెలిసిపోయింది.

"ఇంక చివరి పరీక్ష," అంది మూడో వారంలో. "వదిలేసి వెళ్ళిపోవాలంటే, పోగేసుకున్నదంతా మనతో తీసుకెళ్ళనిస్తుందా, లేదా అని."

"ఎవరు వదిలేసి వెళ్ళేది?"

"ఎవరైనా."

జమీందారు సగమిచ్చి సగం దాచుకుంది. చలాకీ పేపర్లయితే ఇచ్చింది గానీ, వాటి పక్కన మేం రాసుకున్న మాటలు ఇవ్వలేదు. మేస్త్రి మాత్రం అన్నీ మూటగట్టి చేతిలో పెట్టింది. రిపోర్టులో మేస్త్రి పేరే రాసింది కామా. నా పదకొండు వందల నలభై పేపర్లూ అందులోకి చేరిపోయాయి. పరీక్ష కోసం ఇద్దరం కలిసి వాడుకునేలా ఒక గ్రూపు పెట్టుకున్నాం. అందులో నేనూ, తనూ, అంతే.

రిపోర్టు ఇచ్చేసిన రోజు బల్ల సర్దుకుంటూ చెప్పింది. "ఈ సీటులో నేను టెంపరరీ అండీ. ఈ నెలతో ఆఖరు. వేరే ఊళ్ళో కాలేజీ లైబ్రరీలో పర్మనెంట్ పోస్టు వచ్చింది. సోమవారం చేరాలి."

"ఎంత దూరం?"

"బస్సులో ఆరు గంటలు."

చెప్పాల్సింది గుండె నిండా ఉంది. నోట్లోంచి మాత్రం "ఆల్ ది బెస్టండీ" అని వచ్చింది.

తను కదలకుండా ఒక్క క్షణం నా వంక చూసింది. 'అంతేనా?' అని అడిగిన చూపు అదని నాకు చాలా నెలల తర్వాత గానీ అర్థం కాలేదు. అప్పుడు మాత్రం, ఏదో మర్చిపోయిందేమో అనుకుని, బల్ల కింద పడ్డ పెన్సిలు వెతికి ఇచ్చాను.

*

ఆ తర్వాత కూడా నాలుగయ్యేసరికి కాళ్ళు వాటంతటవే లైబ్రరీ వైపు నడిచేవి. కిటికీ పక్క బల్ల దగ్గర ఎవరో ఒకరు కూర్చునుండేవాళ్ళు. వాళ్ళు నాకేం చేశారని, చూస్తేనే ఒళ్ళు మండేది. కొత్తగా రిఫరెన్స్ సెక్షన్‌కి వచ్చినాయన చాలా మంచివాడు. ఎవరేం చూపించినా "బాగుంది, బాగుంది" అనేవాడు. అదే నాకు గిట్టేది కాదు.

తన నంబరు నా దగ్గరుంది. మెసేజ్ రాసేవాణ్ణి, చెరిపేసేవాణ్ణి. 'ఎలా ఉన్నారు' అని రాస్తే మరీ పొడిగా ఉంది. 'ఇక్కడ వాన పడుతోంది' అని రాస్తే, పడితే నాకేంటి అనుకుంటుందేమో. ఒకరోజు ధైర్యం చేసి ఫోనే చేశాను.

"చెప్పండి," అంది. వెనక పుస్తకాలు సర్దుతున్న చప్పుడు. "పనిమీద చేశారా?"

"అవునండీ," అన్నాను, నా బుద్ధి తగలెయ్య. "రెండో ముద్రణ అయితే ఎడిషన్ నంబరు ఎక్కడ రాయాలి?"

వెనక చప్పుడు ఆగింది. "పుస్తకం పేరు పక్కన," అంది. "ఇంకేమైనా ఉందా?"

"లేదండీ."

ఫోన్ పెట్టేశాక గోడకేసి తల బాదుకున్నాను, మెల్లగానే.

వారం తర్వాత ఒక పొద్దున మేస్త్రిని తెరిస్తే, ఆ పాత సర్వే రిపోర్టు పక్కన చిన్న మాట కనబడింది. 'సంవత్సరం 1978. మీరు 1987 వేశారు. అట్ట మీద చూడండి.'

ఉలిక్కిపడ్డాను. మా గ్రూపులోంచి తను బయటికి వెళ్ళలేదు. ఇంకా చూస్తోంది. అట్ట మీద చూడమంటే, ఎదురుగా నిలబడి చెప్పినట్టే వినబడింది. ఆ రోజు అందరికంటే ముందు లాబ్ తెరిచి, అందరికంటే ఆఖర్న వెళ్ళాను.

ఇంకేమన్నా దిద్దుతుందేమోనని రెండ్రోజులు చూశాను. ఏమీ లేదు. దిద్దడానికి తప్పుండాలి కదా!

మూడో రోజు ఒక పేపర్‌కి పేజీ నంబర్లు తిరగేసి పెట్టాను. కావాలనే.

మర్నాడు పొద్దున పదీ పదికి సరిచేసి ఉంది. 'ఎనభై నుంచి పద్దెనిమిది దాకా ఎలా చదివారు? వెనక్కి నడుస్తూనా?'

అప్పట్నుంచి రోజుకో తప్పు. ఒకరోజు ఒక అక్షరం మింగేసేవాణ్ణి. ఒకరోజు గురువు పేరు శిష్యుడికి తగిలించేవాణ్ణి. సాయంత్రం ఇంటికెళ్ళేముందు తప్పు నాటి, పొద్దున పదింటికి వచ్చి కోసుకునేవాణ్ణి. పదీ పది దాకా టీ కూడా ముట్టేవాణ్ణి కాదు. 'సంపుటి పన్నెండు, ఇరవై ఒకటి కాదు.' 'ఈవిడ ఆడమనిషి, పేరు పూర్తిగా రాయండి.' ఒకరోజు ఒక్క మాటే ఉంది: 'కామా.' తన ముద్దుపేరు తనకి తెలుసా, తెలిసే సంతకం పెట్టిందా అని ఆ రోజంతా ఆలోచిస్తూ, ఇసుక జల్లెడ పట్టాల్సినవాణ్ణి ఖాళీ జల్లెడ ఊపుతూ కూర్చున్నాను.

నేనుండేది మా అక్క ఇంట్లో. అక్క ముందుగదిలో బట్టలు కుడుతుంది. మిషను తొక్కుతూనే లోకమంతా గమనిస్తుంది.

"ఏరా, పొద్దున నవ్వుకుంటూ పోతావు, సాయంత్రం మొహం వేలాడేసుకుని వస్తావు. ఎవరా అమ్మాయి?"

"అమ్మాయెవరూ లేదక్కా. రిఫరెన్సులు."

"ఆ రిఫరెన్సుకి ఎన్నేళ్ళు?"

దొరికిపోయాను. మొత్తం చెప్పాను. అక్క మిషను ఆపి విన్నది. అంటే విషయం పెద్దదే.

"మరి చెప్పవేంరా?"

"ఏమని చెప్పను? తనకి నేను పాడైపోయిన కేసుని. థీసిస్ ఇచ్చేశాక చెప్తాను. చేతిలో ఏదో ఒకటి ఉంటుంది కదా."

"నీ థీసిస్ అయ్యేలోపు ఆ పిల్ల తన పిల్లల్ని బడికి పంపిస్తుంది," అని మళ్ళీ మిషను తొక్కింది అక్క.

నవ్వేశాను గానీ ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. అయినా రోజుకో తప్పు చాలనిపించేది. నాలుగు నెలలు అలాగే గడిచాయి. చేతికందని మనిషి ఒకరు, రోజుకొక్కసారి నా కాగితం మీద చెయ్యి పెట్టి పోయేవారు. అది చాలనుకున్నాను.

ఒకరోజు పదీ పది అయింది. పదకొండయింది. నా తప్పు నా తప్పులానే ఉంది.

సెలవేమో అనుకున్నాను. రెండోరోజు ఇంకో తప్పు పెట్టాను. అదీ అలాగే ఉంది. మూడోరోజు మరీ పెద్దది పెట్టాను, ఒక రచయిత చేత పుట్టకముందే పుస్తకం రాయించాను. ఉలుకూ పలుకూ లేదు. ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ఒంట్లో బాగోలేదా? పెళ్ళి కుదిరిందా? నాకు చెప్పాల్సిన అవసరం తనకేముంది? అన్నీ నేనే అడిగి, అన్నింటికీ నేనే జవాబు చెప్పుకుని, అన్నం సయించక కంచం ముందు కూర్చునేవాణ్ణి.

తొమ్మిదో రోజు మా మేడమ్ పిలిచారు. "సోమవారానికి చాప్టర్లన్నీ నా బల్ల మీద ఉండాలి. వెనక లిస్టులో ఒక్క తప్పు కనబడినా ఊరుకోను."

శనివారం పొద్దున్నే లాబ్‌కి వెళ్ళి మేస్త్రిని తెరిచాను. తొమ్మిది తప్పులు, ఎక్కడివక్కడే. పది నిమిషాల పని. కానీ చెయ్యి ఆడలేదు. అవి అలా ఉన్నంతసేపు తను వచ్చి దిద్దుతుందన్న ఆశ ఉంటుంది. నేను దిద్దేస్తే ఇంకేముంటుంది?

నది వెంట నడిచినాయన పేరు దగ్గర కూడా ఒక తప్పు పెట్టి ఉన్నాను. అది చూసి సిగ్గేసింది. చెప్పలేని నా చేతకానితనానికి ఆ పెద్దమనిషి పేరు పాడుచేశాను. ఒక్కొక్కటే తొమ్మిదీ దిద్దాను. లాప్‌టాప్ మూసి, తిన్నగా బస్టాండుకి వెళ్ళాను.

*

ఆ కాలేజీ లైబ్రరీ చిన్నది. నాలుగు బల్లలు, ఒక కౌంటర్, గోడకి 'నిశ్శబ్దం' అని బోర్డు. అయిదారుగురు విద్యార్థులు. ఒక మూల పేపరు మొహానికి అడ్డంగా పట్టుకుని ఒక పెద్దాయన.

కామా కౌంటర్ వెనక నిలబడి పుస్తకాలకి ముద్ర వేస్తోంది. తలెత్తి నన్ను చూసింది. ముద్ర గాల్లో ఆగింది. తర్వాత పుస్తకం మీద తలకిందులుగా పడింది.

"మీరేంటి ఇక్కడ?"

"మీకు ఒంట్లో బాగోలేదేమోనని..."

"మెల్లగా," అంది, బోర్డు వైపు వేలు చూపించి. "బాగానే ఉన్నాను."

"మరి తొమ్మిది రోజులుగా..."

"మానేశాను."

"ఆ తొమ్మిదీ నేనే దిద్దుకున్నానండీ. ఇవాళ పొద్దున."

"చూశాను. ఎనిమిదింటికి."

"మానేశానన్నారు?"

"దిద్దడం మానేశాను," అంది ముద్ర పక్కన పెట్టి. "చూడ్డం మానలేకపోయాను."

ఎలాగో అడిగాను. "కావాలని చేస్తున్నానని మీకెప్పుడు తెలిసింది?"

"రెండో వారంలో. నిజంగా పొరపాటు చేసేవాళ్ళు ఒకరోజు మూడు చేస్తారు, ఒకరోజు అసలు చెయ్యరు. మీరు మందు వేసుకున్నట్టు రోజుకొకటి చేశారు."

"మరి తెలిసీ ఎందుకు దిద్దారు?"

తను సరిగ్గానే ఉన్న కార్డుల కట్టని విప్పి మళ్ళీ సర్దింది.

"మొన్న ఒక ఆదివారం," అంది, కార్డుల్నే చూస్తూ. "లైబ్రరీ సెలవు. నాన్న కాఫీ తెచ్చి ముందు పెట్టారు. అది చల్లారిపోతున్నా నేను ఫోన్లో మీ తప్పు వెతుకుతున్నాను. ఏంటమ్మా అది అనడిగారు. చెప్పాను. ఒకాయన రోజూ కావాలని తప్పు రాస్తాడు నాన్నా, నేను రోజూ దిద్దుతాను అని. దాన్నేమంటారమ్మా, అన్నారు నాన్న. కాఫీ గబగబా తాగేసి లేచిపోయాను." కార్డుల కట్టకి రబ్బరు బ్యాండు వేసింది. "ప్రతిదానికీ పేరు వెతికిపెట్టే పని నాది. దీనికి పేరు నేనొక్కదాన్నే పెట్టలేను కదండీ. అందుకే మానేశాను."

ఆరు గంటల బస్సు ప్రయాణంలో నేను అల్లుకున్న మాటలన్నీ ఎక్కడికో పోయాయి.

"పేరుందండీ," అన్నాను. గుసగుసలానే. "ప్రేమ. నా వైపునుంచైతే అదే. వాన పడ్డ రోజు నుంచీ అదే. చెప్పడం చేతకాక తప్పులు రాశాను. మీరు దిద్దకపోతే ఆ రోజు నాకు తెల్లారినట్టే ఉండదు."

తన కళ్ళు నిండాయి. తుడుచుకోలేదు.

"ఈ మాట మా నాన్నతో చెప్పగలరా?"

"ఎప్పుడు రమ్మంటే అప్పుడొస్తాను."

"రానక్కర్లేదు. వెనక్కి తిరగండి."

తిరిగాను. మూలనున్న పెద్దాయన పేపరు దించి, కళ్ళజోడు మీదుగా నన్నే చూస్తున్నారు. రోజూ మధ్యాహ్నం వచ్చి పేపరు చదువుకుని, సాయంత్రం కూతురితో కలిసి ఇంటికి నడుస్తారట. అది తర్వాత తెలిసింది. చేతులు కట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళి, ఆ మాటే చెప్పాను.

"బాబూ, నాకు కుడిచెవి వినపడదు," అన్నారాయన. "నువ్వు ఇందాకట్నుంచీ అటువైపు నుంచే గొణుగుతున్నావు. కాస్త గట్టిగా చెప్పు."

గోడమీది బోర్డు వంక చూశాను. కామా వంక చూశాను. ఈసారి బోర్డు చూపించకుండా రెండు చేతులూ కౌంటర్ కింద పెట్టేసుకుంది.

"మీ అమ్మాయంటే నాకు ప్రాణమండీ!" అన్నాను. "తనకీ మీకూ ఇష్టమైతే పెళ్ళి చేసుకుంటాను!"

ఎవరి చేతిలోంచో పెన్ను జారి నేలమీద దొర్లింది. విద్యార్థులందరూ ఒకేసారి తలలెత్తారు.

"ఏం చేస్తుంటావు?" అన్నారు పెద్దాయన.

"ఇసుక మీద..."

"ఇసుక వ్యాపారమా?"

"కాదండీ, పరిశోధన."

"ఓహో. అయితే ఆ తప్పులు రాసేది నువ్వేనా?"

"మానేశానండీ. ఇవాళే."

"అయ్యో, మానేశావా?" ఆయన పేపరు మడిచి చంకలో పెట్టుకున్నారు. మొహం గంభీరంగానే ఉంది గానీ, మీసం కింద నవ్వు దాగలేదు. "ఈ తొమ్మిది రోజులూ మా పిల్ల తిండి సరిగ్గా తిన్లేదయ్యా. సరే, ఇంటికి పోయి మాట్లాడుకుందాం. ఎడమవైపు కూర్చుని చెప్దువుగాని."

"నాన్నా, ఐదింటికి గానీ నేను కౌంటర్ మూయను," అంది కామా వెనకనుంచి.

గడియారం చూశాను. ఇంకా గంటన్నర ఉంది. ఎక్కడ నిలబడాలో, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక అటూ ఇటూ చూస్తుంటే, తను కౌంటర్ వెనకనుంచి ఒక స్టూలు కాలితో బయటికి జరిపింది. తలకిందులుగా ముద్ర పడ్డ పుస్తకాన్ని దగ్గరికి లాక్కుని, తలెత్తకుండానే అంది.

"కూర్చో."

ఇన్ని నెలల 'మీరు'ల తర్వాత, ఇన్ని 'అండీ'ల తర్వాత, ఆ ఒక్క మాట.

కూర్చున్నాను.